చిన్నాయనకు బియ్యం

మా మేనత్త ఏటా పెత్రమాస పొద్దుకు బోథ్ నుంచి వచ్చేస్తుంది. ఇచ్చోడలో ఒక బస్సు మారాలి, నిర్మల్‌లో ఇంకోటి, కరీంనగర్‌లో మరోటి. ముందురోజే బయల్దేరి, దారిలో ఎవరో చుట్టాలింట్లో పడుకుని, తెల్లారేసరికి మా గడపలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నా సంచీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వదు. రాగానే మంచినీళ్లడగదు, పిల్లలెట్లా ఉన్నారని అడగదు.

"అల్లుడా, ఈయేడన్న మా అన్నకు బియ్యమిస్తున్నవా, లేదా?"

"ముందు చెప్పులిడువు అత్తా" అంటాను నేను. మా బాపు పోయినప్పటి నుంచి మా ఇద్దరి పలకరింపు ఇదే. ఇయ్యను అని నేను నోటితో చెప్పను, ఆమె మళ్లీ అడగదు. సాయంత్రం బతుకమ్మ ఆడి, నాలుగు రోజులుండి, మూతి ముడుచుకుని వెళ్లిపోతుంది.

పెత్రమాస అంటే పెద్దల అమావాస్య. ఆ పొద్దున మా వైపు ఇంటింటా పోయినవాళ్ల పేరు మీద బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు విస్తట్లో పెట్టి అయ్యవారికి ఇస్తారు. ఆయన పేరూ గోత్రమూ అడుగుతాడు, మనం చెబుతాం, చేతిలో నీళ్లు పోసి వదిలిస్తాడు. పేరు పలికినవాళ్లకు ఏడాదంతా ఆకలి ఉండదని నమ్మకం. పలకనివాళ్ల సంగతి ఎవరూ పైకి అనరు. మా అత్త అంటుంది.

"అందరు కడుపు నిండ తింటరు. మా అన్నొక్కడే వాళ్ల నోళ్లు సూసుకుంట కూసుంటడు."

ఆ అన్న మా చిన్నాయన. మా బాపుకు తమ్ముడు, అత్తకు అన్న. నేవీలో ఆఫీసరు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన ఉన్న ఓడ మునిగింది. కొందరు బతికి బయటపడ్డారు, ఆయన పడలేదు. ఆయన పేరు మీద మా ఇంట్లో ఒక్క పెత్రమాసకు కూడా బియ్యం ఇవ్వలేదు.

మాది మగ్గాల ఊరు. సముద్రానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. నీళ్లంటే మాకు మానేరు, అదీ ఎండాకాలం ఉత్త ఇసుక. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పొలంబావిలో ఈత నేర్చిన చిన్నాయన పోయి పోయి నేవీలో చేరాడు. కాలేజీలో ఏదో ప్రకటన చూశాడని ఒకరంటారు, ఇంట్లో మగ్గం పని తప్పించుకోవడానికని ఇంకొకరంటారు. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. సెలవుకొస్తే అరుగుల మీది ముసలివాళ్లు పట్టుకుని అడిగేవారట:

"సముద్రం మన మానేరంత ఉంటదారా?"

"జర పెద్దగుంటది పెద్దయ్యా."

నాయనమ్మకు మాత్రం ఆ ఉద్యోగం బాగా నచ్చింది. మిలట్రీలో చేరితే తుపాకులుంటాయి, నీళ్ల మీద ఎవడొచ్చి కొడతాడని ఆమె ధీమా. ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుందట.

నాకు ఆయన గుర్తులేడు. ఆఖరిసారి సెలవుకొచ్చినప్పుడు నాకు రెండేళ్లు. ఎత్తుకుంటే ఆయన తెల్ల యూనిఫాం నిలువునా తడిపానట. దాన్ని ఉతికింది పెళ్లికాని మా అత్త. అన్న బట్టలు తళతళలాడాలని, అన్నం వార్చిన గంజి సరిపోదని, తాత పడుగు దారానికి కాచిన గంజిలో ముంచి తీసింది. దారం మగ్గం మీద తెగకుండా ఉండేందుకు కాచే చిక్కటి గంజి అది. ఎండలో ఆరాక ప్యాంటు తనంతట తానే నిలబడిందట. అదే వేసుకుని చిన్నాయన కరీంనగర్‌కు ఫొటో దిగడానికి పోయాడు. సీటు దొరికినా కూర్చోలేక బస్సులో నిలబడే పోయాడు. ఆ ఫొటోలో ఆయన ఛాతీ విరుచుకుని, చేతులు ఒంటికి ఎడంగా పెట్టి నిలబడి ఉంటాడు. చూసినవాళ్లంతా "ఏం ఠీవి, ఏం రోషం!" అంటారు. రోషం కాదండీ, గంజి.

కొన్నాళ్లకు యుద్ధమొచ్చింది, ఇంటికి తంతి వచ్చింది. తర్వాత జీపులో ఒక ఆఫీసరు వచ్చి, ఓడ ఎట్లా మునిగిందో, ఇంక ఎందుకు ఆశ పెట్టుకోకూడదో నెమ్మదిగా చెప్పాడట. నాయనమ్మ అంతా విని ఒక్క మాట అడిగింది.

"నువ్వు సూసినవా బిడ్డా?"

ఆయన నిజాయితీపరుడు. చూడలేదన్నాడు.

"సూడంది ఎట్ల చెప్తవు?" అని, ఆయనకు అన్నం పెట్టి పంపించింది. నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ని. ఆ ప్రశ్నలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి మా గోడ మీద దండ లేని ఫొటో అదొక్కటే. కొత్త చుట్టాలు దాన్ని చూసి, "ఈయన దుబాయిల ఉంటడా?" అని అడిగేవాళ్లు. ఒకసారి బడిలో సభ పెట్టి హెడ్మాస్టరు ఆ ఫొటోకు దండ వేస్తే, నాయనమ్మ స్టేజీ ఎక్కి దండ తీసి ఆయన మెడలోనే వేసింది. పాపం, ఆయన నెలరోజులు మా వీధిలోకి రాలేదు.

జాడ తెలియని మనిషికి పన్నెండేళ్లు చూడాలంటారు. ఆ తర్వాత దర్భతో బొమ్మ చేసి, దహనం చేసి, అన్ని కర్మలూ జరిపించి పెద్దల్లో కలపాలి. పన్నెండేళ్లు నిండగానే కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. మా బాపు నోట్లో నాలుక లేని మనిషి, సరేనన్నాడు. నాయనమ్మ గోడ వైపు తిరిగి పడుకుని అన్నం మానేసింది. నాలుగు రోజులు. నాకప్పుడు పద్నాలుగేళ్లు, ఆ నాలుగు రోజులూ బాగా గుర్తున్నాయి. బోథ్ నుంచి అత్త వచ్చి, పక్కన కూర్చుని ఏడ్చీ బతిమాలీ అలిసిపోయింది. నాయనమ్మ కళ్లు కూడా తెరవలేదు.

ఐదో రోజు దుబాయి నుంచి సెలవుకొచ్చిన పక్కింటాయన పలకరించడానికి వచ్చాడు. ఒంటి నిండా సెంటు, చంకలో టేపురికార్డరు. మంచం దగ్గర కూర్చుని చెప్పాడు:

"అవ్వా, ఓడలు ఆగే కాడ మీ చిన్నోన్ని సూసినట్టయింది. అచ్చం గట్లనే ఉన్నడు. కాళ్ల దాక తెల్లబట్టలు. పిలిచిన గాని మందిల కలిసిపోయిండు."

నాయనమ్మ లేచి కూర్చుంది. "సన్నబడ్డడా?"

"లావైండవ్వా."

ఆ పూట నాయనమ్మ పచ్చిపులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. కాళ్ల దాకా తెల్లబట్టలు అక్కడి మగవాళ్లందరూ వేసుకుంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ లెక్కన గల్ఫ్ అంతా మా చిన్నాయనలే. అప్పుడు మాత్రం నేనూ సంబరపడ్డాను. తిన్నాక నాయనమ్మ బాపు చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నా కొడుకుకు ఈ ఇంట్ల ఎవ్వలు బియ్యమియ్యొద్దని మాట తీసుకుంది. కులపెద్దలు మళ్లీ ఆ మాటెత్తలేదు.

నాయనమ్మ ఇంకో ఇరవై ఏళ్లు బతికింది. ఆమె పోయినా బాపు మాట తప్పలేదు. తను పోయే ముందు నాకు అప్పజెప్పాడు: "అవ్వకు మాటిచ్చిన. నువ్వు గూడ ఇయ్యకు." నాది బాపు నెమ్మదితనం కాదు, నాయనమ్మ మొండితనం. అందుకే అత్త ఏటా మూడు బస్సులు మారి వచ్చి అడిగినా చెప్పులిడువు అని దాటవేశాను. నిజం చెప్పొద్దూ, ఆయన బతికిలేడని నాకు తెలుసు. మాటంటే మాట అనుకున్నాను, అంతే.

ఈ ఏడు అత్త వచ్చింది. చెప్పులు విడవలేదు, బియ్యం సంగతి అడగలేదు. అరుగు మీద సంచీ పెట్టి కూర్చుంది.

"అల్లుడా, ఒక ముచ్చట చెప్త. కోపానికి రాకు. ఆ దుబాయాయన ఏం సూడలే. నేనే గట్ల చెప్పుమని కాళ్లు పట్టుకున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పుట్టెడు కోపం వచ్చింది. బాపు ఇరవై ఏళ్లు నాయనమ్మ ముందు తమ్ముడి పేరెత్తి ఏడవలేకపోయాడు. ఏటా ఆ పొద్దున విస్తర్ల ముందు తలొంచుకుని కూర్చునేవాడు. అదంతా గుర్తొచ్చి అరిచాను. వీధిలో వాళ్లు తొంగిచూసేంత అరిచాను. ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావన్నాను.

"అవ్వ ఉన్నప్పుడు చెప్తే అవ్వ బతుకకపోయేది. అవ్వ పోయినంక చెప్తే పెద్దన్న నా మొఖం సూడడు. పెద్దన్న గూడ పోయినంక..." అని ఆగింది. "సిగ్గయింది అల్లుడా. నేను చేసిందేంది? అవ్వ నోట్ల బుక్క వెడ్దామని మా అన్న నోటికాడి బుక్క గుంజిన. నన్ను ఎంతన్న తిట్టు. ఆయనకు మాత్రం పెట్టు. నేను సచ్చినంక ఏ మొఖం పెట్టుకోని ఆయన్ను కలవాలె?"

అబద్ధం విని తీసుకున్న మాట మాటవుతుందా, బాపు ఉంటే ఏమనేవాడు, ఇవేవీ నాకు తేలలేదు. కోపమూ దిగలేదు. లోపలికి పోయి నాలుగో విస్తరి వేసి, బియ్యం పోశాను. కోపంలో పోస్తే కొన్ని కిందపడ్డాయి. నా భార్య వాటిని ఏరింది.

అయ్యవారు స్కూటరు మీద వచ్చాడు. ఆ రోజు ఆయనకు ఊపిరాడదు, ఇంకా యాభై ఇళ్లు తిరగాలి.

"ఏటా మూడే గద సారూ, నాలుగోది ఎవలది?"

తాత, నాయనమ్మ, బాపు, ముగ్గురి పేర్లూ నేను చెప్పాను. నాలుగో పేరు అత్త చెప్పింది. ఇంటిపేరుతో సహా, పేరు వెనక ఆఫీసరు అని కూడా కలిపి, తడుముకోకుండా చెప్పింది. అయ్యవారు ఆఫీసరుతో సహా మంత్రంలో పలికి, నా చేతిలో నీళ్లు పోసి, మూటలు కట్టుకుని వెళ్లిపోయాడు. యాభై ఏళ్ల పంచాయితీ, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన స్కూటరు ఇంజను కూడా ఆపలేదు.

అత్త ఊరట పడుతుందనుకున్నాను. లేచి వేడివేడిగా చాయ్ తాగి నాతో నాలుగు పరాచికాలాడుతుందనుకున్నాను. ఆమె మధ్య గదిలో ఉత్త నేల మీద పడుకుంది. మధ్యాహ్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయనమ్మ పోయినప్పుడు గానీ, బాపు పోయినప్పుడు గానీ ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. పొద్దున అరిచినందుకు చాలా బాధేసింది, ఆ మాటే చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

సాయంత్రం వీధి ఆడవాళ్లు బతుకమ్మలు పేర్చుకుని వచ్చారు. మా వాడకట్టులో పాట ఎత్తుకునేది అత్తే. గుమ్మంలోంచి ఒకావిడ కేకేసింది:

"ఏందవ్వా, ఇంక తయారు కాలే? నువ్వు లేంది పాటెవలు చెప్తరు?"

అత్త లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. "నేను ఆడ బిడ్డా. మా ఇంట్ల మనిషి పోయిండు."

ఆవిడ చేతిలోని పూలపళ్లెం గడపలోనే దించేసింది. "అయ్యో! ఎవలవ్వా? ఎప్పుడు?"

"మా అన్న. ఇయ్యాల పొద్దుగాల."

ఆవిడ నా వైపు చూసింది. అవునన్నాను.