జైలు సంపాదకుడు యసోకిచి

పత్రికలో యసోకిచి పని జైలుకు వెళ్లడం. నవ్వకండి. ఆ రోజుల్లో జపాన్‌లోని కోచి పట్నంలో ప్రతి పత్రికాఫీసులోనూ అలాంటివాడు ఒకడుండేవాడు. రాసేది యజమాని. చివరి పేజీలో సంపాదకుడిగా పడే పేరు మాత్రం జీతగాడిది. సర్కారుకు ఒళ్లు మండితే పోలీసులు ఆ పేరుగలవాణ్ణే పట్టుకుపోయేవారు. నేనే రాశానని కోర్టులో ఒప్పేసుకుంటే పత్రికా బతికేది, యజమానీ బయటే ఉండేవాడు.

యజమాని కురహాషి కలం పడితే నిప్పులు చెరిగేవాడు. పత్రికల నోరు నొక్కే చట్టాన్ని ఆయన దుమ్మెత్తిపోస్తుంటే జనం వీధుల్లో చదివించుకుని వినేవారు. యసోకిచి విడుదలైనప్పుడల్లా జైలు గేటు దగ్గరికి సాకే సారా సీసాతో వచ్చి, దేశానికి పార్లమెంటు రానీ, ముందు ఆ చట్టాన్నే పాతిపెడతానని భుజం తట్టేవాడు. ఆ మాట నమ్మే యసోకిచి జైళ్లలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మళ్లీ జైలుకెళ్తే మనిషి దక్కడని వైద్యుడు అతని భార్య నోబుతో చెప్పేశాడు.

పార్లమెంటు వచ్చింది. కురహాషి ఎన్నికల్లో గెలిచాడు. పత్రికను బావమరిదికి అప్పగించి టోక్యో వెళ్లి, కొన్నేళ్లకు హోం శాఖలో పెద్ద కుర్చీ ఎక్కాడు. యసోకిచి సంబరం పట్టలేకపోయాడు. పిచ్చి మారాజు, అయ్యగారు సంతోషిస్తారని ఆ చట్టం మీద ఆయన రాసిన పాత వ్యాసాన్నే మొదటి పేజీలో మళ్లీ వేయించాడు. ఎప్పటిలాగే దానికింద రాసినవాడి పేరు లేదు.

వారం తిరక్కుండా పత్రిక మూతబడింది, యసోకిచిని పట్టుకుపోయారు. ఆ చట్టం కిందే ఉత్తర్వు వచ్చింది, అదీ కురహాషి శాఖ నుంచే!

ఏదో పొరపాటు జరిగి ఉంటుందన్నాడు యసోకిచి. కురహాషి ఊళ్లోకి వచ్చాడని తెలిసి నోబు ఆయన దిగిన సత్రానికి పరుగెత్తింది. గుమ్మంలో మోకరిల్లి, ఆ వ్యాసం మీదేనని ఒక్క మాట చెప్పమని కాళ్లావేళ్లా పడింది.

"దానికెందుకమ్మా ఏడుపు? ఎప్పటిలాగే తనే రాశానని చెప్పమను. జైలు అతనికి అలవాటేగా," అంటూ కురహాషి లోపలికి వెళ్లిపోయాడు.

నోబు జైలుకొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రజల కోసమని యసోకిచి నెత్తురు కక్కుతూ పడుకున్న జైలు, ఆయనకు ఒట్టి అలవాటుగా కనిపించిందట!

కోర్టులో న్యాయమూర్తి, ఇది రాసిందెవరని అడిగాడు.

"కురహాషి గారండి. ఇదేకాదు, ఇంతకుముందువన్నీ ఆయనవే. నేనెన్నడూ ఒక్క ముక్క రాయలేదండి."

వెనక ఎవరో నవ్వారు.

"ప్రతిసారీ నువ్వే రాశానన్నావు కదయ్యా," అన్నాడు న్యాయమూర్తి. "అప్పుడు నీ మాట నమ్మే శిక్ష వేశాం. ఇప్పుడు కాదంటే ఎలా?"

శిక్ష పడ్డాక కాపలావాళ్లు తీసుకుపోతుంటే యసోకిచి నోబు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఈసారి నిజం చెప్పే వెళ్తున్నానే," అన్నాడు.

అతను మళ్లీ రాలేదు.