ఐదోసారి వచ్చిన ప్రూఫు

లెయోంతీన్ బార్బజాన్ పేరు ఏ సంగీత పుస్తకం మీదా ఉండదు. సేన్ నది ఎడమ గట్టున మా అచ్చు కార్ఖానాలో ముప్పయ్యొక్క ఏళ్లు ఆమె తగరపు రేకుల మీద స్వరాలు చెక్కింది. అచ్చు సరిగా పడాలంటే రేకు మీద అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. భర్త పోయిన మూడో రోజున వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పక్క బల్ల మీద ప్రూఫులు దిద్దేవాణ్ణి నేను. మాట తక్కువ మనిషిని గనక నన్ను "మూగయ్యా" అని పిలిచేది.

పంతొమ్మిది వందల ఎనిమిదిలో ఆమె పాలిట శనిలా మోస్యూ లాంబ్రెక్ అనే స్వరకర్త దాపురించాడు. ఆయన సంగీతంలో నీళ్లు, మంచు తప్ప పాట లేదని కొందరు, అదే కొత్తదనమని కొందరు కొట్టుకునే రోజులవి. లెయోంతీన్‌కి ఆ గొడవ పట్టలేదు. పట్టింది ఒక్క గీత.

ఆయన రాసిన పియానో ముక్క చివరి పుటలో, ఆఖరి స్వరం నుంచి విల్లులా వంగిన గీత ఒకటి బయల్దేరి, దేన్నీ అందుకోకుండా ఆగిపోతుంది. మరిచిపోయాడనుకుని, ఆమె ఇంకో స్వరం చేర్చి గీతను దానికి కలిపింది. ప్రూఫు తిరిగొచ్చింది: "ఎవరు ముగించమన్నారు? మోగుతూ ఉండనివ్వండి." తీసేసింది. రెండోసారి గీత పొట్టిగా ఉందన్నాడు. మూడోసారి పొడుగన్నాడు. నాలుగోసారి మళ్లీ పొట్టి.

దిద్దడమంటే రబ్బరుతో తుడవడం కాదు. రేకు బోర్లించి, తప్పున్న చోట వెనకనుంచి సుత్తితో కొట్టి, పైకి లేచిన లోహాన్ని చదును చేసి మళ్లీ చెక్కాలి. కొట్టినప్పుడల్లా అక్కడ రేకు పలచబడుతుంది.

ఐదో ప్రూఫు వచ్చింది: "కాస్త తగ్గించండి."

యజమాని దాన్ని ఆమె ముందు పడేశాడు. "ఈ పుట ఇంకోసారి తిరిగొచ్చిందంటే, లెయోంతీన్, నిన్ను పుస్తకాల అట్టలకి పేర్లు చెక్కే బల్లకి మార్చేస్తా. స్వరాలు ఇంకెవరైనా చూసుకుంటారు."

ఆయన వెళ్లేదాకా ఆగింది. "కాస్తంటే ఎంత? వెంట్రుకంతా, వేలంతా? కొలత తెలీని మనిషికి గీతలెందుకట?" రేకునూ ప్రూఫునూ గుడ్డలో చుట్టి కోటు తొడుక్కుంది. "లే, మూగయ్యా. నువ్వే సాక్షివి."

నాలుగంతస్తులు ఎక్కాం. లాంబ్రెక్ ఇంటి చెప్పులతోనే తలుపు తీశాడు.

"ఈ స్వరం ఎక్కడ ఆగుతుందండీ?" అంది.

"వినపడటం మానేసిన చోట, మదాం."

"అయితే వాయించండి."

వాయించాడు. ఆమె పియానో అంచు పట్టుకుని నిలబడింది.

"అయిపోయింది."

"ఇంకా ఉంది, మదాం."

మళ్లీ వాయించాడు. మళ్లీ అదే తగాదా. నాకు కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది, పైకి అనలేదు. ఆ సుత్తి దెబ్బలన్నీ అన్నేళ్లూ ఆమె చెవుల్లోనే కదా పడ్డాయి.

"మీకేం, సాయంత్రం దాకా వింటారు. నేను చెక్కాల్సింది చెవిలో కాదు, దీని మీద." గుడ్డ విప్పి, ఆయన బొటనవేలు పట్టుకుని రేకు మీద ఆ చోట అదిమింది. రేకు లోపలికి దిగింది. ఆయన చటుక్కున వేలు లాక్కున్నాడు.

"ఇదేంటి, కాగితంలా ఉంది?"

"మీ 'కాస్త'ల పుణ్యమే, మోస్యూ! ఇంకో దెబ్బ పడితే చిల్లు. అప్పుడు పుటంతా మొదట్నుంచీ చెక్కాలి. చెక్కేది నేను కాదు, నన్ను అట్టల బల్లకి పంపేస్తున్నారు. ఆ వచ్చేవాళ్లు మీ గీతను మళ్లీ చక్కగా ముగించి పెడతారు."

ఆయన ముఖం పాలిపోయింది. "ముగిస్తారా?"

"ఎవరైనా ముగిస్తారు. మాకు నేర్పిందే అలా."

"ఇప్పుడెంతుంది గీత?"

"గోధుమ గింజంత."

"అంతే ఉండనివ్వండి." ప్రూఫు మీద అచ్చుకు సరేనని సంతకం పెట్టాడు.

"ఈ వేలేదో మొదటి ప్రూఫుకే పెట్టించాల్సింది," అని మెట్లు దిగినంతసేపూ సణుగుతూనే ఉంది.

వారం తిరక్కుండా యజమాని ఆమె బల్ల మీద పెద్ద కట్ట పెట్టాడు. లాంబ్రెక్ కొత్త రచన, ఇరవై నాలుగు పుటలు. పైన చీటీ: "ఆ ముసలావిడ తప్ప ఇంకెవరూ నా రేకులు ముట్టకూడదు."

లెయోంతీన్ పుటలు తిరగేసింది. ఎక్కడ చూసినా గాలిలో వేలాడే గీతలే. తలపట్టుకుంది. తర్వాత చీటీ మళ్లీ చదివింది.

"మూగయ్యా, ఆయన వయసెంత?"

"నీకన్నా రెండేళ్లు పెద్ద."

"అదీ సంగతి!" అంటూ మొదటి రేకు ముందుకు లాక్కుంది.