గోడవైపు తిప్పిన చెక్క

మేస్త్రమ్మ చనిపోయిందని కిందటి గురువారం నాకు కార్డు వచ్చింది. నేను వదిలి వచ్చిన బడిలో ఇప్పుడు పనిచేస్తున్న మాస్టారు రాశారు. రెండు రోజులు జ్వరం, మూడో రోజు తెల్లవారేసరికి ప్రాణం లేదు, ఆ సాయంత్రమే మట్టి చేశారు. అంతే ఉంది కార్డులో. చదివి, కావలిలోని నా గదిలో గోడల వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఈ గోడల మీద ఆమె చేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఆమె ఇస్తానంటే నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెబితే తప్ప ఆమె గురించి చెప్పినట్టు కాదు.

బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో నాకు మొదటి ఉద్యోగం. నయాపైసలు వచ్చిన కొత్త రోజులు. పెళ్లికాని పంతులమ్మకు ఇల్లు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోతే, తన రెండు గదుల పెంకుటింట్లో ఒకటి ఆమె ఇచ్చింది. భర్త బండ్లూ పడవలూ బాగుచేసే మేస్త్రి. ఆయన పోయాక ఆ ఉలీ రంపమూ ఆమె పట్టింది. సాయిబుల ఇంటి ఆడమనిషి రంపం పట్టడమేమిటని మొదట్లో అందరూ అన్నారట. తర్వాత విరిగిన మంచాలూ తలుపులూ ఆమె దగ్గరికే తెచ్చారు. ఊరందరికీ ఆమె మేస్త్రమ్మ. నాకూ అంతే.

నేను దిగిన మర్నాడు గడపలో నిలబడి గదంతా చూసింది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, నాలుగు ఉత్త గోడలు.

"ఇదేంది టీచరమ్మా, సత్రంలో దిగినట్టు ఉండావే. గోడలు ఇట్ట బోసిగా ఉంటే మనసు యాడ నిలబడతాది?"

"జీతం వచ్చాక ఏదైనా కొంటాలెండి."

"కొనేదేంది? పారేసినవి ఊరంతా పడుండాయి గదా."

ఆ వారంలోనే అంగడివాళ్లు పారేసిన టీ పెట్టె పలకలతో పుస్తకాల అర వచ్చింది. విరిగిన బండిచక్రం ఆకుల కర్రలు చీరలు తగిలించుకునే కొయ్యలయ్యాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుగుడు వేరు మీద నా లాంతరు నిలబడింది. తుప్పు మేకులను రాతి మీద పెట్టి తిన్నగా చేసేది. చెక్కను గాజుపెంకుతో గీకి, తడి ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి రుద్ది, ఎండాక ఆముదం పట్టించేది. అయితే మరీ నున్నగా చేసేది కాదు. పాత మేకు తూటు, పురుగు తిన్న చార, వెలిసిన రంగు పైకి కనిపించేటట్టే ఉంచేది.

"అది పడిన కష్టం కనపడాల. అంతా చెరిపేస్తే ఇంక పాత చెక్క ఎందుకు?" అనేది.

మేకు కొట్టేముందు చెక్కను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి వినేది. నేను తొందరపడి సుత్తి తీసుకుంటే, "చెక్కను అడక్కుండా కొట్టబాక" అని కసిరేది.

నా గది చూసి వీధిలో ఆడవాళ్లంతా తమ ఇళ్లకూ అడిగి చేయించుకున్నారు. పడవ చెక్క మాత్రం ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. మనిషిని పొట్టనబెట్టుకున్న పడవ చెక్క ఇంటికి తెస్తే ఆ మనిషీ వెంట వస్తాడనేవాళ్లు.

నేను చేరిన రెండో ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. ముందురోజు వేటకు వెళ్లిన ఒక పడవ తిరిగి రాలేదు. అందులో ఒక ముసలాయన, ఒక పడుచువాడు వెళ్లారు. ముసలాయన శవం మూడోనాడు ఒడ్డుకు చేరింది. రెండోవాడు మా ఎదురింటి పిల్ల భర్త. పెళ్లయి ఆరు నెలలు. అతని జాడా లేదు, పడవ జాడా లేదు.

"పడవ దొరకలేదంటే పడవ మీదే ఉండాడు టీచరమ్మా. మద్రాసుకో, సిలోనుకో కొట్టుకుపోయుంటాడు," అని ఆ పిల్ల గాజులు తియ్యనివ్వలేదు, బొట్టు చెరపనివ్వలేదు.

సాయంత్రాలు నా గదికి వచ్చి కూర్చునేది. మద్రాసు రేవు ఆఫీసుకు, ఒడ్డున ఉన్న పోలీసు ఠాణాలకు నేను జాబులు రాసేదాన్ని. ప్రతి జాబులోనూ ఒకే గుర్తు రాయించేది. పడవ ముందువైపు పలకకు ఆకుపచ్చ రంగు, దాని మీద ఎదురెదురుగా రెండు తెల్ల చేపలు. పెళ్లయిన కొత్తలో అతను ఆ పిల్ల కోసం వేసిన బొమ్మలు.

తుపాను వెళ్లిన నెలకు మేస్త్రమ్మ నా గోడకు ఒక వెడల్పు పలక బిగించింది. దానికి లాంతరు పెట్టుకునే చిన్న బల్ల, కింద నాలుగు కొయ్యలు. చాలా అందంగా ఉంది. ఎప్పుడూ పైకి కనిపించే పాత రంగు ఇందులో ఎందుకు లేదో నేను అడగలేదు. ఎదురింటి పిల్ల ఆ వెలుగులో, ఆ పలక కిందే కూర్చుని జాబులు చెప్పేది. అంతకుముందు మాతో కూర్చుని కబుర్లాడే మేస్త్రమ్మ అప్పటినుంచి నా గడప దాటలేదు. గాలి మారినప్పుడు పలక టక్కుమనేది. పక్కగదిలోంచి, "ఏందది?" అని అరిచేది. నేను పలికేలోగా తనే, "చెక్క గదా, గాలికి బిగుస్తా ఉంటాది," అనుకునేది.

రెండేళ్లు గడిచాయి. ఒక్క జాబుకూ జవాబు లేదు. ఆ ఏటి వానలకు గోడ చెమ్మగిల్లితే, ఎండబెడదామని పలక ఊడదీశాను. వెనకవైపు ఆకుపచ్చ రంగు. రెండు తెల్ల చేపలు.

పలకతో పెరట్లోకి వెళ్లాను. ఆమె మేకులు తిన్నగా చేస్తోంది.

"ఇది ఎవరిదో మీకు తెలుసా?"

ఆమె చెయ్యి ఆగింది. "తెలుసు."

"తెలిసే నా గోడకు బిగించారా?"

"ఒడ్డున దొరికిననాడు ఆ బిడ్డకే ఇద్దామని ఎత్తుకొచ్చినా. గడపకాడ దాకా పోయినా. ఇద్దరికీ అన్నం వడ్డించి పెట్టుకోనుండాది. నోరు పెగల్లా నాకు. పొయ్యిలో పెట్టేదానికి చెయ్యి రాలా. సముద్రంలో ఏస్తే మళ్లా కొట్టుకొస్తాది. నా గదిలో పెట్టుకోలేక నీ గదిలో పెట్టినా."

"ఆ పిల్లకు రెండేళ్లు పోయినాయి మేస్త్రమ్మా. పుట్టింటివాళ్లు మారుమనువు సంబంధాలు తెస్తే తిప్పి పంపించింది. దీని కిందే కూర్చుని నా చేత జాబులు రాయించింది."

"మా ఆయన పోయినప్పుడు కడసారి ముఖమన్నా చూసుకున్నా. ఆ బిడ్డకు ఒక చెక్క చూపించి, నీ మొగుడు ఇంక లేడని ఎట్ట చెప్పేది?" చేతిలోని మేకు కింద పెట్టింది. "చెప్పాల్సిందే. తప్పు చేసినా."

కొంగు తలమీదికి లాక్కుని, పలక భుజాన పెట్టుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా వీధి దాటింది. నేను వెనకే వెళ్లాను. ఆ పిల్ల రెండు చేపల మీదా వేలు పెట్టి చూసింది.

"ఎప్పుడు దొరికింది అవ్వా?"

"తుపాను పోయిన వారానికే."

ఆ పిల్ల ఏడవలేదు. పలక లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

ఆ నెలలో అతనికి కర్మ చేశారు. ఆ పిల్ల దాదాపు ఏడాది మేస్త్రమ్మతో మాట్లాడలేదు. మేస్త్రమ్మ రంపం ముట్టలేదు. తర్వాత దొరవారిసత్రం వైపు, సరస్సులో వేట చేసుకునే ఒకతనితో ఆ పిల్లకు మనువు కుదిరింది. బయలుదేరే ముందురోజు పొద్దున్నే పలక తెచ్చి మా వాకిట్లో దించింది.

"దీన్ని ఏమన్నా చేసియ్యి అవ్వా. ఉత్త చెక్కగా చూడలేకుండా ఉండా. పారెయ్యలేకుండానూ ఉండా."

"నా చేత్తోనా?"

"నువ్వే చెయ్యాల."

ఆమె దాన్ని అద్దానికి చట్రంగా చేసింది. చేపలు పైన వచ్చేటట్టు కోసింది. రంపం కదులుతున్నంతసేపూ పలక రెండో కొస ఆ పిల్లే పట్టుకుంది. పొద్దు వాలేసరికి పని ముగిసింది. చట్రం చంకన పెట్టుకుని ఆ పిల్ల వెళ్లిపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

మరుసటి వేసవిలో నాకు బదిలీ అయింది. "గోడలకుండేవన్నీ నీకు చేసినవే గదా, బండిలో ఏసుకో," అంది మేస్త్రమ్మ. కొత్త గది చిన్నదని అబద్ధం చెప్పాను. ఏ చెక్క వెనక ఏముందోననే భయం నన్ను వదల్లేదు. ఆమె కనిపెట్టింది. ఒక్కొక్కటే గోడ మీంచి తీసి, వెనక్కి తిప్పి చూపించింది. ఉత్త చెక్క. అన్నీ ఉత్త చెక్కలే. అయినా నేను తీసుకోలేదు. ఆమె వాటిని తిరిగి గోడకు తగిలిస్తుండగా బండి ఎక్కాను. మళ్లీ ఆమెను చూడలేదు.

మొన్న ఆదివారం వెళ్లాను. ఇంటికి తాళం. వాకిట గోడ పొడుగునా ఆరేడు చెక్కలు నిలబెట్టి ఉన్నాయి. పడవ పలకలు, ఒక తెడ్డు ముక్క. మాస్టారు చెప్పారు. "మీరు వెళ్లినాక మొదలుపెట్టిందంటండీ. ఒడ్డుకొచ్చిన చెక్క ఏదైనా సరే, నలభై రోజులు ఇట్ట వీధిలో నిలబెట్టేది. ఎవరన్నా గుర్తుపడితే ఇచ్చేసి, వాళ్లతో కూర్చునేది. ఎవరూ రాకపోతేనే రంపం పెట్టేది. ఇప్పుడు వీటిని ఎవరు తియ్యాలో ఎవరికీ తెలవదు."

మేం మాట్లాడుతుండగానే ఒకామె వచ్చింది. ఏ ఊరి మనిషో మాస్టారికీ తెలియదు. కాళ్ల నిండా ఇసుక. మమ్మల్ని పలకరించలేదు. గోడ వెంబడి నెమ్మదిగా నడుస్తూ, ప్రతి చెక్కనూ అరచేత్తో తడిమి, వంగి రంగు చూసింది. చివరిదాకా వెళ్లి ఒక క్షణం నిలబడింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, వచ్చిన దారినే ఒడ్డువైపు వెళ్లిపోయింది.