బయట తాళం వేసిన కంప్యూటర్ గది

1985లో అరవ ఊరు మురుంగపాక్కం దగ్గరి నూలు అద్దకం కార్ఖానాలో కంప్యూటర్ పెట్టినప్పుడు, దాన్ని నడపడానికి యానాం నుంచి గంగాభవాని వచ్చింది. బీయస్సీ అయ్యాక మద్రాసులో ఆరు నెలలు ఆ పని నేర్చుకుంది. ఏ రంగుకి ఏ మందు ఎన్ని పాళ్లు కలపాలో, ఎంత వేడిలో నూలు ముంచాలో అంతవరకూ ముసలి మేస్త్రీలకే తెలుసు. ఏడాదిపాటు వాళ్ల పక్కన కూర్చుని, అడిగి అడిగి అన్నీ ఆమే కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

అప్పుడు పట్టుకుంది యజమాని విజయరంగన్‌కి భయం. ఒక మేస్త్రీ పోతే నాలుగు రంగులు పోతాయి. ఒక ఫ్లాపీ పోతే కార్ఖానాయే పోతుంది. పాస్‌వర్డ్ గంగాభవానికి తప్ప ఎవరికీ తెలియకూడదన్నాడు. ఫ్లాపీలు పొద్దున తన బీరువాలోంచి తీసి ఇచ్చి, సాయంత్రం వెనక్కి తీసుకునేవాడు. భద్రంగా ఉంటాయంటూ ఆమె సర్టిఫికెట్లు కూడా అందులోనే పెట్టాడు. ఆఖరికి ఆమె పనిచేస్తున్నంతసేపూ గదికి బయట తాళం వేయించాడు. టీ వేళకి, భోజనం వేళకి వాచ్‌మన్ లోకనాథన్ వచ్చి తీసేవాడు.

ఏసీ కోసం కిటికీలు మూసేశారు. తలుపులో మాత్రం జానెడు అద్దం ఉండేది. బయట వానో ఎండో తెలిసేది కాదు. మాటిమాటికీ తలుపు కొట్టి బయటికి వెళ్లాలని అడగడానికి సిగ్గేసి, ఆమె నీళ్లు తాగడమే తగ్గించుకుంది.

యానాంలో ఒక బడి నుంచి లెక్కల టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అసలు సర్టిఫికెట్లు తెమ్మన్నారు. తనవి ఇమ్మని ఆమె యజమానిని అడిగింది.

"నువ్వు పోతే దీన్ని తెరిచేది ఎవరమ్మా?" అన్నాడు విజయరంగన్.

"ఇంకొకరికి నేర్పిస్తానండి."

"ఇంకొకరికి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. ఏంది, నీకిక్కడ ఏం తక్కువ?"

సర్టిఫికెట్లు చేతికి రాకుండానే ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. ఆరోజు కూడా ఆమె ఆ గదిలోనే ఉంది.

మార్చిలో ఒకరోజు పదకొండు గంటలకి కరెంటు పోయింది. కాసేపటికి తలుపు కిందనుంచి పొగ రాసాగింది. నూలు ఆరబెట్టే షెడ్డు అంటుకుంది. గంగాభవాని తలుపు బాదింది. అద్దంలోంచి మనుషులు పరుగెత్తడం కనిపిస్తోంది గానీ, ఆ కేకల్లో ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. లోకనాథన్ తాళంచెవి మొలలో పెట్టుకుని నీళ్లు మొయ్యడానికి పోయాడు. తర్వాత పొగకి ఆ అద్దం కూడా కనిపించలేదు. నేలమీద కూర్చుండిపోయింది.

షెడ్డులో రిజిస్టరు రాసే లీలమ్మ, వాకిట్లో చేరినవాళ్లని చూసుకుంటూ భవాని లేదని గుర్తుపట్టింది. ఇనప కడ్డీ పట్టుకుని వచ్చి ముందు అద్దం పగలగొట్టింది.

"భవానీ, మూతికి కొంగు పెట్టుకో! ఎనక్కి జరుగు!"

మూడో దెబ్బకి గడియ ఊడింది.

ఇద్దరూ వాకిట్లోకి రాగానే విజయరంగన్ పరుగెత్తుకొచ్చాడు. "ఫ్లాపీలు యాడ?"

అవి ఆమె చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు. దగ్గు ఆగేదాకా ఉండి, "నా సర్టిఫికెట్లు ఇవ్వండి," అంది.

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడేనండి."

"ఇచ్చేయండయ్యా," అంది లీలమ్మ. "లోపల మనిషి ఉండాదనే మీకు గుర్తు రాలే."

పనివాళ్లంతా చూస్తూ నిలబడ్డారు. ఆయన తన గదికి వెళ్లి బీరువాలోంచి కాగితాలు తెచ్చాడు.

గంగాభవాని వెంటనే వెళ్లిపోలేదు. తలుపు తెరిచి ఉంచాలని, లీలమ్మకి పని నేర్పాలని షరతు పెట్టి మూడు నెలలు ఉంది. ఫ్లాపీలకి రెండో ప్రతి తీయించింది. లీలమ్మ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు చదవడం రాదు. భవాని చెబుతుంటే ఒక్కో మెట్టూ అరవ అక్షరాల్లో రాసుకుంది.

జూన్‌లో గంగాభవాని యానాం చేరి, మరో బడిలో టీచరుగా కుదిరింది. వడగాలి కొడుతోందని పిల్లలు గోలపెట్టినా, తరగతి తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి తెరిచే ఉంచేది. ఎందుకని అడిగితే, పాఠం చెప్పుకుంటూ పోయేది.