అగ్గిపుల్లంత దూరంలో

మ్యూజియంలో పాముల సీసాలకు చీటీలు రాసే ఆమెను అందరూ పాములక్క అంటారు. ఏదడిగినా కళ్లజోడు తుడుచుకుని గానీ జవాబు చెప్పదు, తెలియకపోతే తెలియదంటుంది. ఆ ఉదయం పక్క కుట్టుమిషన్ల షెడ్డులో ఒక దర్జీని పాము కరిచిందంటే పరుగున వెళ్లింది. గుడ్డముక్కల బుట్ట కింద జానెడు గోధుమరంగు చారల పాము. దర్జీ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. విషం తీస్తానంటూ మేస్త్రీ బ్లేడుతో అతని వేలికి గాటు పెట్టబోతున్నాడు.

"ఆగన్నా! పాముకన్నా ముందు నీ బ్లేడే చంపేలా ఉంది."

బల్లులు తిని బతికే ఒక పాముకీ, ప్రాణాలు తీసే మరో పాముకీ రంగూ చారలూ ఒకటే. తేడా నోట్లోనే: చంపేదానికి కోరలు ముందుంటాయి. దాన్ని మెడ దగ్గర ఒడుపుగా పట్టి, అగ్గిపుల్లతో దవడ తెరిచింది. ముందు కోరల్లేవు. కంటి కింద, బాగా లోపల, నూకగింజంత కోరలు రెండు.

"దీని విషం బల్లులకే తమ్ముడూ. నీకు వాపొచ్చి పోతుంది. అయినా ఆస్పత్రికి వెళ్దాం పద."

"మీరు పొరబడితే అక్కా?"

"పొరబడొచ్చు. అందుకే నీతో వస్తున్నా."

సాయంత్రానికి వాపు మణికట్టు దగ్గరే ఆగింది. డాక్టరు ఇంటికి పొమ్మన్నాకే ఆమె అతని పక్కనుంచి లేచింది.