జోడుగుండ్లకు అడ్డం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కోతలు కోసే జబ్బుంది. సండూరు నుంచి బళ్లారి వచ్చే ఆ బస్సులో వెయ్యి మంది ఉన్నారని రాస్తే, మీరు అరవై అని చదువుకోండి. గనుల లారీల దుమ్ముకు మా ఆవిడా నేనూ రెండు ఎర్ర ఇటుకల్లా కూర్చుని, కెమెరాలో పోయినేడాది ఆదివారాల ఫోటోలు చూసుకుంటున్నాం. మా ఆవిడను ముందు నిలబెట్టకుండా నేను ఏ కొండనూ ఫోటో తీసి ఎరుగను.

పక్కన నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి కెమెరా మీదికి వంగాడు.

"తాళప్పా, తాళు! ఇది మా చేను. ఈడనే జోడుగుండ్లు, రెండు పెద్ద బండరాళ్లు, ఉండాల."

"ఇప్పుడు లేవా పెద్దాయనా?"

"మైన్సోళ్లు బ్లాస్టింగ్ పెట్టి ఎగరగొట్టినారు. మా పత్రంలో తూర్పు హద్దు ఆ గుండ్లే. హద్దు యాడుండాదో చూపించు, లేకుంటే రెండెకరాలు మాదే అంటాండారు. సాక్ష్యానికి ఈ ఫోటో ఇస్తావేమప్పా?"

గుండ్లు ఉండాల్సిన చోట మా ఆవిడ, గాలికి కొంగు బారెడు పరుచుకుని, ఫోటో నిండా నిలబడి ఉంది. ఆయన కెమెరాను నా చేతిలోంచి అందుకుని, పక్కకు వంచి, ఆమె వెనక ఏముందోనని తొంగి చూశాడు.

"రవ్వంత పక్కకు జరగమ్మా," అన్నాడు ఫోటోలోని మనిషితో.

సీట్లో మా ఆవిడ నిజంగానే జరిగింది.

ఆయన నవ్వేసి, కెమెరా నా చేతికిచ్చి తోరణగల్లులో దిగిపోయాడు. అప్పటి నుంచి మా ఆవిడ ఫోటోకు ఓ మూలనే నిలబడుతోంది.

ఇందులో నేను పెంచినవి చాలా ఉన్నాయి. కల్పించింది మాత్రం ఒక్కటే. ఆయన నవ్వలేదు.