రంగుల మేస్త్రి ఇంటి బేరం

ఇల్లు కట్టి చూడమని చెప్పిన పెద్దలు అమ్మి చూడమని చెప్పడం మరచిపోయినట్లున్నారు. ఆ రెండవ పరీక్ష ఎంత కఠినమైనదో రంగుల మేస్త్రికి అరవై మూడవ ఏట తెలిసివచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన ఇతరుల గోడలకు రంగులు వేస్తున్నాడు. వాటిలో సగానికి సగం అమ్మకానికి పెట్టిన ఇళ్లే. "అమ్మే ఇంటికి మీగడ రంగు, అద్దెకిచ్చే ఇంటికి బూడిద రంగు, ఉండే ఇంటికి ఎవరి పిచ్చి వారికానందం" అన్నది ఆయన వృత్తిసూత్రం. తన ఇల్లు మూడవ తరగతికి చెందినది గనుక, పదకొండేళ్ల నాటి ఆకుపచ్చ రంగుతోనే అది కాలం వెళ్లబుచ్చుతూ వచ్చింది.

అమ్మవలసిన అవసరం మెట్ల వల్ల కలిగింది. ఇరుకు స్థలంలో నిలువుగా లేచిన ఇల్లది. కింద వంటగది, ముందుగది. పైన పడకగది, స్నానాలగది. నడుమ పదిహేడు మెట్లు. భార్యకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కుతుంది. దిగేటప్పుడు మెట్టు మీద కూర్చుని, చంటిపిల్లలాగా ఒక్కొక్క మెట్టే జారుతూ దిగుతుంది. కిందటేడు ఒకసారి పట్టు తప్పి ఆరు మెట్లు దొర్లింది. "ఇంకోసారి పడితే మంచం దిగడం కష్టమమ్మా" అని డాక్టరు నవ్వకుండా చెప్పాడు.

ఆమె చెల్లెలి ఇంటి పక్కనే, రెండు వీధుల అవతల, గడప తప్ప ఎత్తూపల్లం ఎరుగని చిన్న ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. మేస్త్రి దాచుకున్నదంతా ఊడ్చి అడ్వాన్సుగా ఇచ్చాడు. మిగిలిన యాభై లక్షలు నాలుగు నెలల్లో చెల్లించాలి. చెల్లించలేకపోతే ఆ ఇల్లూ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. ఉన్న ఇంటిని అమ్మితే తప్ప ఆ యాభై లక్షలు వచ్చే దారి మరొకటి లేదు.

ధర దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ఇళ్ల బ్రోకరు వచ్చి, గదులన్నీ చూసి, చెమట తుడుచుకుని, "యాభై నాలుగు చెప్పండి మేస్త్రీ. బేరమాడి యాభై రెండుకు తీసుకుంటారు" అన్నాడు.

"అదేమిటి? మూల మీద మందుల కొట్టాయన ఇల్లు అరవైకి పోయిందిగా! వారం తిరక్కుండా! దానికి రంగులేసింది నేనే!"

"అది రెండేళ్ల కిందటి మాట. అప్పుడు కొనేవాళ్లు వరసలో నిలబడ్డారు. ఇప్పుడు ఈ వీధిలోనే ఏడు బోర్డులు వేలాడుతున్నాయి. జనం వస్తారు, గోడలు తడతారు, కుళాయిలు తిప్పుతారు, ఇంటికెళ్లి సుబ్బరంగా నిద్రపోతారు. తొందర వాళ్లకు లేదు, మీకుంది."

"ఆయన ఇంటికంటే నా ఇల్లు ఎందులో తీసిపోయింది?"

"కాకిపిల్ల కాకికి ముద్దు. కొనేవాళ్లు కాకులు కారుగా!"

మేస్త్రి చేతులు వెనక్కు కట్టుకుని ముందుగదిలో నాలుగు చుట్లు తిరిగి, అరవై అనే చెప్పమన్నాడు. బ్రోకరు కాగితం మీద అరవై వేసుకుని, దాని కింద ఒక గీత గీసుకుని వెళ్లిపోయాడు.

ఇక ఇంటిని ముస్తాబు చేయడం మొదలైంది. ఆయన పని ఒక పద్ధతి ప్రకారం సాగేది. మేకులన్నీ పీకి, చిల్లులన్నిటికీ లప్పం పెట్టి, ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్ది, తలుపు తెరిచి ఏటవాలు వెలుతురులో గోడను ఒక కన్ను మూసి చూసేవాడు. ఎక్కడ మిట్ట కనబడినా మళ్లీ రుద్దేవాడు. ఆపైన ప్రైమరు, దాని మీద మీగడ రంగు రెండు పూతలు. ఇల్లంతా తెల్లని దుమ్ము. భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ, "నేను బతికుండగా అయ్యేనా ఇది?" అని అడిగేది.

మొదటి నెలలో నలుగురు వచ్చి చూశారు, నలుగురూ బాగుందన్నారు, ఒక్కరూ తిరిగి రాలేదు. మేస్త్రికి కాలు నిలవడం మానేసింది. వీధిలో ఏ బండి ఆగినా కిటికీ దగ్గరకు పోతాడు. చూడవచ్చిన వాళ్ల వెంట గదిగదికీ తిరిగి, ఏ గోడకు ఎన్ని పూతలో, ఏ రంగు ఎన్నేళ్లు నిలుస్తుందో ఊపిరి తీయకుండా చెబుతాడు.

"మీరలా నీడలాగా వెంటబడితే వాళ్లు ఇల్లు చూస్తారా, మిమ్మల్ని చూస్తారా?" అన్నది భార్య.

"నేను చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"

"కట్టుకున్నదాన్ని, నాకే ఇంతవరకూ తెలియలేదు. వాళ్లకు తెలియకపోతే ఏమైంది?"

రెండవ నెలలో ఆయన ధరను యాభై ఎనిమిదికి దించాడు. ఎవరో ఒకామె మెట్లు చీకటిగా ఉన్నాయన్నదని మెట్ల పక్క గోడకు మళ్లీ రెండు పూతలు వేశాడు. వేసిన తరువాత, ఇంత ఖర్చు పెట్టినందుకు యాభై ఎనిమిదికి ఇవ్వడమేమిటని ధరను తిరిగి అరవైకి ఎక్కించాడు. ఆ కబురు విని బ్రోకరు పరుగున వచ్చాడు.

"ధర దించినవాళ్లను చూశాను, దించననే మొండివాళ్లనూ చూశాను. దించి ఎక్కించినవాణ్ణి మాత్రం మిమ్మల్నే చూడడం. మేస్త్రీ, ఇది నిచ్చెన కాదు."

మూడు నెలలు దాటిన తరువాత ఒక నర్సు తన మామగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆసుపత్రికి దగ్గరగా సొంత ఇల్లు కావాలన్నది ఆమె కోరిక. మామగారు ఒకప్పుడు తాపీ పని చేసినవాడు. గోడలను కళ్లతో గాక వేలి కణుపులతో చూసే మనిషి. మెట్ల దగ్గర ఆగి, గోడను రెండు చోట్ల తట్టి, వాసన చూసి, "కొత్త రంగు. ఒకటి కాదు, మూడు పూతలు" అన్నాడు.

"నాలుగు. ప్రైమరు కాక" అన్నాడు మేస్త్రి గర్వంగా.

"ఇక్కడే ఎందుకన్ని?"

"మెట్ల దగ్గర వెలుతురు కోసం."

మామగారు కోడలి వైపు తిరిగాడు. "దర్జీ చొక్కాలో చిరుగు కనబడుతుందా అమ్మాయ్? రంగులాయన ఇంట్లో చెమ్మా అంతే. పైన పటారం, లోన ఏముందో దేవుడికి తెలియాలి. పద."

వాళ్లు వెళ్లిన తరువాత మేస్త్రి చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు. వచ్చిన వాళ్లంతా తిరిగి రాకపోవడానికి కారణం ఇప్పుడు విప్పి చెప్పినట్లయింది. పని బాగా చేసిన కొద్దీ అనుమానం పెరిగింది. ఆరేళ్ల కిందట పై స్నానాలగది గొట్టం కారి ఆ గోడ తడిసిన మాట నిజమే. గోడ తెరిచి, పగిలిన అతుకు మార్పించి, ఎండిన తరువాతే తిరిగి పూయించాడు. దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. లేదని రుజువు చేయాలంటే ఒక్కటే దారి ఉన్నది.

మరునాడు పొద్దున్నే గోకే రేకు పట్టుకుని మెట్ల గోడ ముందు నిలబడ్డాడు. తాను వేసినదాన్ని తానే ఊడబెరకడం ఆయనకు ఇదే మొదలు. మీగడ పొర మీద మీగడ పొర పెచ్చులుగా రాలింది. దాని కింద పాత ఆకుపచ్చ. దాని కింద సున్నం. నడుమెత్తు వరకూ గోడ ఎముకలాగా పొడిగా ఉన్నది. "చూడవయ్యా తాపీ మేస్త్రీ" అని ఎదుట లేని మనిషితో అంటూ భుజం ఎత్తుకు వచ్చాడు. అక్కడ రేకు శబ్దం చేయలేదు. లప్పం పెచ్చుగా లేవక, పెరుగు మీగడలాగా రేకుకు అంటుకుని వచ్చింది. అరచేయి ఆనించాడు. చల్లగా ఉన్నది. వేళ్లు వాసన చూశాడు.

తడి. పాతది కాదు, ఇప్పటిది.

నాలుగు పూతలు ఊరివాళ్ల కంటే ముందు ఆయన కళ్లనే కప్పాయి. గడువు పందొమ్మిది రోజులున్నది.

పై నుంచి భార్య ఒక్కొక్క మెట్టే జారుతూ దిగి వచ్చి, గోడ పక్కగా ఆగింది. ఆమె కూడా చేయి ఆనించింది.

"నూనె రంగు రెండు పూతలు వేస్తే ఏడాది దాకా బయటపడదు" అన్నాడు మేస్త్రి. చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు.

"ఏడాది తర్వాత?"

"తర్వాత ఉబ్బుతుంది."

"మనం ఉండబోయేది రెండు వీధుల అవతల. ఆ నర్సమ్మ ఎదురైతే నేను ఏ సందులోకి దూరను? నేనసలే పరుగెత్తలేను."

ఆయన నవ్వలేదు. రేకును ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటూ కిందికీ పైకీ నాలుగుసార్లు తిరిగాడు. ఆ ముసలాయన అన్న మాట అబద్ధమైనంతసేపూ కోపగించుకునే హక్కు ఉన్నది. నూనె రంగు పూసిన మరుక్షణం ఆ హక్కు పోతుంది. పూయకపోతే ఇల్లు అమ్ముడుపోదు. ఇల్లు అమ్ముడుపోకపోతే ఈమె ఈ మెట్ల మీదే జారుతూ ఉండాలి. ఆ రోజు ఆయన రెండుసార్లు నూనె రంగు డబ్బా మూత తీశాడు. రెండుసార్లూ మూత పెట్టి, సుత్తితో దిగగొట్టాడు.

సాయంత్రం పైపుల పనివాణ్ణి పిలిపించాడు. పాత అతుకు చెక్కుచెదరలేదు. దానికి మూరెడు దూరంలో మరో అతుకు చుక్క చుక్కగా కారుతున్నది. గొట్టం మొత్తం మార్పించాడు. గోడ ఎండడానికి నెలలు పడుతుంది. అందుచేత దాన్ని కప్పకుండా, సున్నమూ ఇటుకా కనబడేటట్లు అలాగే వదిలేశాడు. ధర యాభై నాలుగు అని బ్రోకరుకు కబురు చేశాడు.

బ్రోకరు వచ్చి గోడను చూసి గుండె పట్టుకున్నాడు. "మేస్త్రీ! ఫోటో తీయించుకోబోతూ సగం తల గొరిగించుకున్నట్టుందిది! ఎవరు కొంటారు?"

"నర్సమ్మనూ వాళ్ల మామగారినీ తీసుకురండి."

"మీకు బుద్ధి ఉందా?"

"ఆలస్యంగా వచ్చింది. తీసుకురండి."

వాళ్లు వచ్చేసరికి గడువు పదకొండు రోజులకు దిగింది. ఆ రోజు మేస్త్రి ఎవరి వెంటా తిరగలేదు. మెట్ల దగ్గర నిలబడి, ఎక్కడ కారిందో, ఎప్పుడు తెలిసిందో, ఏమి మార్చాడో నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. ఊరుకోవడం అలవాటు లేని నోరు గనుక పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాడు. మామగారు గోడ తట్టాడు, పైకి వెళ్లి గొట్టం చూశాడు, దిగి వచ్చి, "మిగతా గోడల మాటేమిటి?" అన్నాడు.

మేస్త్రి గోకే రేకు ఆయన చేతికిచ్చాడు. "మీకు ఎక్కడ అనుమానమైతే అక్కడ గోకండి."

ముసలాయన నిజంగానే గోకాడు. ముందుగదిలో ఒక చోట, వంటగదిలో ఒక చోట, పడకగదిలో రెండు చోట్ల, అరచేయి వెడల్పున. నున్నని మీగడ రంగు మీద గాట్లు పడుతుంటే మేస్త్రి ఒక్కొక్కసారీ కళ్లు మూసుకున్నాడు. నాలుగు చోట్లా పొడి సున్నమే బయటపడింది.

"నలభై ఎనిమిది" అన్నాడు మామగారు, చేతి దుమ్ము దులుపుకుంటూ.

"యాభై నాలుగు చెప్పాం కదండీ" అన్నాడు బ్రోకరు.

"ఆ గోడను నేను మళ్లీ పూయాలి. నలభై ఎనిమిది."

మేస్త్రి బయటికి నడిచాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ బయటికి పోబోయాడు. భార్య వంటగది గుమ్మంలోంచి, "యాభైకి తగ్గితే మేం కొనుక్కోబోయే ఇల్లు మాకు రాదండీ. అసలు సంగతి అది" అన్నది. పదకొండు రోజుల గడువునూ ఆమే చెప్పేసింది. అవతలివాళ్లకు చెప్పకూడని మాట ఏదైనా ఉంటే అదే. బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు.

మామగారు ఆమె మోకాళ్ల వైపు చూశాడు. నర్సు మెట్లు లెక్కపెడుతున్నట్లు పైకి చూసింది. "పదమూడు ఇళ్లు చూశాం మామయ్యా. రోగం దాచకుండా చెప్పిన ఇల్లు ఇదొక్కటే. రోగం తెలిస్తే మందు వేసుకోవచ్చు."

"నువ్వు ఆసుపత్రిలోనూ ఇంతేనా? బేరం మధ్యలో మందు రాసిచ్చేస్తావా?" అని మామగారు విసుక్కుని, చివరకు, "యాభై. కానీ ఆ గోడ ఎండిందని నేను చెప్పేదాకా దాని మీద ఒక్క కుంచె కూడా పడకూడదు. ముఖ్యంగా ఈయన కుంచె" అన్నాడు.

మేస్త్రికి ధర కంటే ఆ షరతే కష్టంగా తోచింది. అయినా తల ఊపాడు.

యాభై లక్షలూ అటునుంచి అటే వెళ్లిపోతాయి. చేతిలో చిల్లిగవ్వ మిగలదు. బ్రోకరు గొంతు సవరించుకున్నాడు. "మరి నా కమీషను?"

"మీ ఇంటికి రంగులు వేసి తీర్చుకుంటాను."

"వద్దు బాబూ! మా ఇల్లు కూడా అమ్ముతున్నాననుకుంటారు. నెలనెలా ఇంత అని ఇవ్వండి, చాలు."

గడువుకు రెండు రోజుల ముందు వాళ్లు కొత్త ఇంటికి మారారు. సామాను దించిన సాయంత్రమే మేస్త్రి గోడలను తట్టడం మొదలుపెట్టాడు. ముందుగదికి తూర్పున ఒక పగులు, కిటికీ కింద ఒక మరక. వాటిని చూస్తూ నిలబడలేక, లప్పం డబ్బా ఏ మూటలో ఉన్నదో వెతుకుతున్నాడు. భార్య వంటగదిలోకి వెళ్లింది, ఏమీ తీసుకోకుండా తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది.

"ఏం కావాలి? నన్నడిగితే నేను తెస్తానుగా" అన్నాడు ఆయన, మూట ముడి విప్పుతూ.

"ఏమీ వద్దు. ఊరికే వెళ్తున్నాను" అంటూ ఆమె గోడ పట్టుకోకుండా మళ్లీ వంటగది వైపు నడిచింది.